పాత కంప్యూటరుకు కొత్త మెమరీ

కంప్యూటరు మీట నొక్కి, పొయ్యి మీద పాలు పెడితే, అవి పొంగి చల్లారినా తెర కదలడం లేదని విసుక్కుంటున్నారా? దాన్ని పాతసామాను వాడికి వేసేముందు ఒక్కమాట వినండి. చాలాసార్లు దానికి కావలసిందల్లా మరికాస్త మెమరీ. దీన్నే ర్యామ్ అంటారు.

వంటింట్లో సామానుండేది అలమరలో, వంట సాగేది గట్టు మీద. గట్టు ఇరుకైతే ప్రతిదానికీ అలమర దగ్గరికి పరుగెత్తాలి కదా! కంప్యూటరులో డిస్కు అలమర, మెమరీ గట్టు. 2 జీబీ, 4 జీబీ గట్టు ఈనాటి పనులకు చాలదు.

అయితే దుకాణానికి వెళ్ళి "8 జీబీ మెమరీ ఇవ్వండి" అంటే సరిపోదు. కుక్కరు 5 లీటర్లదే అయినా, ఒకదాని గాస్కెట్టు ఇంకోదాని మూతకు పట్టదు. ఇదీ అంతే.

మొదట చూడవలసింది తరం. డీడీఆర్3 రకం 2007లో, డీడీఆర్4 రకం 2014లో బజారులోకి వచ్చాయి. బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్లలో మొదటిదానికి 240 పిన్నులు, రెండోదానికి 288. అడుగున ఉండే గాటు కూడా ఒకేచోట ఉండదు. పట్టనిదాన్ని బలవంతాన నొక్కితే అసలు మదర్‌బోర్డుకే ముప్పు.

రెండోది సైజు. ల్యాప్‌టాప్‌లో పట్టేది పొట్టి రకం.

మూడోది వోల్టేజి. డీడీఆర్3కి 1.5 వోల్టులు, డీడీఆర్3ఎల్‌కి 1.35 చాలు. కొన్ని ల్యాప్‌టాపులు ఈ తక్కువ వోల్టేజి రకాన్నే ఒప్పుకుంటాయి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎలాగంటారా? పాత మెమరీ మీద అంటించిన చీటీ చదవండి. పీసీ3ఎల్-12800ఎస్ అని ఉందనుకోండి. పీసీ3 అంటే డీడీఆర్3, ఎల్ అంటే తక్కువ వోల్టేజి, 12800 వేగం, చివరి ఎస్ ల్యాప్‌టాప్ రకమని గుర్తు. అంతకంటే వేగమైనది కొని పాతదాని పక్కన పెడితే, మామూలుగా రెండూ తక్కువ వేగానికే దిగి నడుస్తాయి. ఎక్కువ పెట్టిన డబ్బు దండగే.

మరో రెండు జాగ్రత్తలు. ఇళ్ళల్లో వాడే 32 బిట్ విండోస్ అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు. కొన్ని పల్చటి ల్యాప్‌టాపుల్లో మెమరీని బోర్డుకే అతికించేస్తారు, మార్చడం కుదరదు. మీ యంత్రం మోడలు నంబరు చెప్పి, ఎంతవరకు పడుతుందో, ఖాళీ స్లాటు ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

మెమరీ తీసేముందు కరెంటు ప్లగ్గు పీకి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా విడదీసి, ఏదైనా ఇనుప వస్తువును ఒకసారి తాకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు దానికి హాని చేయవచ్చు. చేతకాదనిపిస్తే తెలిసినవారి చేత తీయించండి, సిగ్గేమీ లేదు. జాకెట్టుకు గుడ్డ కొనడానికి చీర ముక్క పట్టుకెళ్ళినట్టే, పాత మెమరీని కాగితంలో చుట్టి దుకాణానికి పట్టుకెళ్ళండి. పట్టకపోతే తిరిగి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.

ఈపాటి శ్రద్ధ తీసుకుంటే, మూలన పడవలసిన యంత్రం పిల్లల చదువుకు ఇంకొన్నాళ్ళు అక్కరకొస్తుంది. సెలవు.