సొంత ఖర్చుతో అచ్చు.. సొంత కాళ్లపై గెలుపు

తిరస్కరణలను దాటి పాఠకుల మెప్పు పొందిన రచయితలు
ముద్రణ సులభమైనా చేరువే అసలు పరీక్ష

పుస్తకం రాయడం ఒక ఎత్తు. దాన్ని అచ్చు వేయించడం మరో ఎత్తు. అచ్చయిన ప్రతిని పాఠకుడి చేతిలో పెట్టడం ఈ రెంటినీ మించిన ఎత్తు. ప్రచురణకర్త దొరకక, పంపిన రాతప్రతికి జవాబు రాక, చివరకు పొదుపు సొమ్ము తీసి సొంతంగా పుస్తకం వేసుకునే రచయితలు తెలుగునాట ప్రతి పట్టణంలోనూ కనిపిస్తారు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు.. ఇలా అన్ని వర్గాల వారూ వీరిలో ఉన్నారు. ఆవిష్కరణ సభ నాడు శాలువాలు, పూలదండలు ఉంటాయి. మరునాటి నుంచి అటక మీద అట్టపెట్టెలే మిగులుతాయి. 'సొంత డబ్బుతో వేసుకున్న పుస్తకమే కదా' అన్న చిన్నచూపు దీనికి అదనం.

ఆ చిన్నచూపునకు ఆధారం లేదని గత రెండు దశాబ్దాల అనుభవం చాటుతోంది. పెద్ద సంస్థలు కాదన్న పుస్తకాలను రచయితలే వెలువరించగా, అవి లక్షలాది పాఠకులను చేరాయి. పురస్కారాలు గెలుచుకున్నాయి. చలనచిత్రాలుగా రూపొందాయి. కాదన్న సంస్థలే తర్వాత ఆ రచయితల గుమ్మం ముందు నిలిచిన సందర్భాలూ లేకపోలేదు.

కాదన్న చోటే తొలి అడుగు

మన దేశంలో ఇందుకు చక్కని ఉదాహరణ అమీష్ త్రిపాఠి. కోల్‌కతా ఐఐఎంలో చదివి, ఆర్థిక సేవల రంగంలో ఉద్యోగం చేస్తూ శివుణ్ణి కథానాయకుడిగా మలచి ఆయన రాసిన తొలి ఆంగ్ల నవల 'ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా'ను ప్రచురణకర్తలు వరుసగా తిప్పిపంపారు. దాంతో 2010లో సొంతంగా వెలువరించారు. మొదటి అధ్యాయాన్ని చిన్న పొత్తంగా అచ్చు వేయించి పుస్తక దుకాణాల్లో ఉచితంగా పంచారు. చదివినవారు మిగతా కథ కోసం పుస్తకం కొన్నారు. అనంతరం ఒక ప్రచురణ సంస్థ ముందుకొచ్చింది. ఆ నవల తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి వెళ్లింది. 2013లో ఆయన ఇంకా రాయని తదుపరి పుస్తకాలకు రూ.5 కోట్ల ముందస్తు పారితోషికం లభించడం అప్పట్లో సంచలనమైంది.

అమెరికాకు చెందిన లీసా జెనోవా నాడీశాస్త్రంలో పరిశోధన చేసిన విదుషి. మతిమరుపు వ్యాధి బారిన పడిన అధ్యాపకురాలి కథను 'స్టిల్ ఆలిస్' పేరిట నవలగా రాశారు. ఎవరూ వేయకపోవడంతో 2007లో తానే ప్రచురించి, కారు డిక్కీలో పెట్టుకుని అమ్మారు. రెండేళ్లకు పెద్ద సంస్థ దాన్ని తీసుకుంది. ఆ నవల ఆధారంగా వచ్చిన చిత్రంలో నటించిన జూలియన్ మూర్‌కు 2015లో ఉత్తమ నటిగా ఆస్కార్ దక్కింది.

కంప్యూటర్ ప్రోగ్రామర్ ఆండీ వియర్ అంగారకుడిపై ఒంటరిగా చిక్కుకున్న వ్యోమగామి కథను తన వెబ్‌సైట్‌లో ధారావాహికగా ఉచితంగా ఇచ్చారు. శాస్త్రం తెలిసిన పాఠకులు అందులోని తప్పులు చూపగా దిద్దుకున్నారు. పాఠకుల కోరిక మేరకే 2011లో డాలరు కన్నా తక్కువ ధరకు ఈ-పుస్తకంగా పెట్టారు. అదే 'ది మార్షియన్'. 2014లో ప్రచురణ సంస్థ ద్వారా వెలువడి, 2015లో చలనచిత్రమైంది.

ఇవన్నీ కాలక్షేప రచనలేనని కొట్టిపారేయడానికీ వీల్లేదు. న్యూయార్క్‌లో పేద నిందితుల తరఫున వాదించే న్యాయవాది సెర్జియో డి లా పావా 2008లో తన బృహన్నవల 'ఎ నేకెడ్ సింగ్యులారిటీ'ని సొంతంగా వేసుకున్నారు. నాలుగేళ్ల తర్వాత షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని పునర్ముద్రించింది. 2013లో తొలి రచనలకిచ్చే ప్రతిష్ఠాత్మక పెన్ పురస్కారం ఆ నవలకే దక్కింది. సమాజ సేవా రంగంలో ఉద్యోగం చేస్తూ 2012లో తొలి నవలను సొంతంగా విడుదల చేసిన కాలీన్ హూవర్ మరో ఉదాహరణ. సరిగ్గా పదేళ్లకు, 2022లో అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన పుస్తకం ఆమెదే.

ఈ విజేతలు అందరూ కాదు. సొంతంగా వేసుకున్న ప్రతి పుస్తకానికీ ఇంతటి యోగం పట్టదు. కానీ పుస్తకం మంచిచెడ్డలు దాన్ని ఎవరు అచ్చు వేశారన్న దానిపై ఆధారపడవని మాత్రం ఇవి నిరూపించాయి.

తెలుగు వారికి పాత బాటే

నిజానికి ఈ మార్గం తెలుగు వారికి కొత్తదేమీ కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించి, అనంతరం రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం నెలకొల్పారు. తన 'రాజశేఖర చరిత్రము'ను ఆ పత్రికలోనే ధారావాహికగా వెలువరించి, 1880లో పుస్తకంగా తెచ్చారు. రచయిత, సంపాదకుడు, ప్రచురణకర్త అన్నీ తానే అయ్యారు.

నిజాం పాలన కాలంలో నల్లగొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాద్‌లో 'దేశోద్ధారక గ్రంథమాల' స్థాపించారు. పుస్తకాల మూటలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. తెలుగు చదువే అరుదైన ఆ రోజుల్లో గ్రామాలకు పుస్తకం వెళ్లిందంటే ఆ కాళ్ల కష్టమే కారణం. ఆయన మూటకూ, జెనోవా కారు డిక్కీకీ మధ్య ఏడు దశాబ్దాల దూరం ఉన్నా సూత్రం ఒక్కటే. పాఠకుడు రాకపోతే పుస్తకమే పాఠకుడి వద్దకు వెళ్లాలి.

ప్రచురణకర్త కోసం ఎదురుచూపులు ఎంతటి వారికైనా తప్పలేదు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కు చలం 1940లోనే 'యోగ్యతాపత్రం' రాసిచ్చినా, పుస్తకం వెలుగు చూసింది 1950లో. తెలుగు కవిత్వాన్ని మలుపు తిప్పిన గ్రంథమే పదేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆధునిక కాలంలో ముప్పాళ్ల రంగనాయకమ్మ తన రచనలను 'స్వీట్ హోమ్ పబ్లికేషన్స్' పేరిట తానే వెలువరిస్తూ వచ్చారు. వందల పుటల గ్రంథాలను సైతం సామాన్యుడు కొనగలిగే ధరకు అందించడం ఆమె ప్రత్యేకత. ధర నిర్ణయించే హక్కు రచయిత చేతిలో ఉన్నందువల్లే అది సాధ్యమైంది. చిత్తూరు జిల్లా పల్లె పలుకుబడికి అక్షర రూపమిచ్చిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు సైతం సొంత ప్రచురణ బాట పట్టినవారే. తన భాషను ఎవరూ 'దిద్దకుండా' కాపాడుకోవడానికి రచయితకు ఇంతకన్నా మేలైన దారి లేదు.

అటక మీదికి ఎందుకు చేరుతున్నాయి?

సొంత ప్రచురణలో నష్టానికి మూలం ముద్రణ లెక్కలోనే ఉంది. 1/8 డెమీ సైజులో ఒక ఫారం అంటే 16 పుటలు. 160 పుటల పుస్తకానికి 10 ఫారాలు. ఆఫ్‌సెట్ పద్ధతిలో డీటీపీ, ప్లేట్లు, యంత్రం సిద్ధం చేసే ఖర్చు వంద ప్రతులకైనా వెయ్యి ప్రతులకైనా ఒక్కటే. అందువల్ల సంఖ్య పెరిగే కొద్దీ ఒక్కో ప్రతి ధర తగ్గుతుంది. 'మరికొంత కలిపితే వెయ్యి వస్తాయి' అన్న ఆశతో రచయిత అవసరానికి మించి వేయిస్తారు. మిత్రులకు, బంధువులకు పంచగా మిగిలినవి అటకెక్కుతాయి. దుకాణాల్లో పెట్టినా కమీషన్, రవాణా పోను చేతికొచ్చేది స్వల్పం.

డిజిటల్ ముద్రణ ఈ లెక్కను మార్చింది. ప్రతి ధర కొంత ఎక్కువైనా, 50 లేదా 100 ప్రతులే వేయించుకోవచ్చు. కొనుగోలుదారు అడిగినప్పుడే ఒక్క ప్రతి అచ్చు వేసి పంపే 'ప్రింట్ ఆన్ డిమాండ్' విధానమూ అందుబాటులో ఉంది. దీంతో నిల్వల బెడద తప్పుతుంది.

ఈ-పుస్తకాల విషయంలో తెలుగుకు కొంత అన్యాయం జరిగిన మాట వాస్తవం. తెలుగు ఈ-పుస్తకాల కోసం 2010లో 'కినిగె' ప్రారంభమైంది. అయితే 2016లో అమెజాన్ కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలకు తలుపులు తెరిచినప్పుడు ఆ జాబితాలో తెలుగుకు చోటు దక్కలేదు. దీనికి తోడు డీటీపీ కేంద్రాల్లో చాలాకాలంగా వాడుతున్న అను ఫాంట్లు యూనికోడ్‌లో లేకపోవడంతో, అచ్చుకు సిద్ధం చేసిన ఫైలు నేరుగా ఈ-పుస్తకానికి పనికిరాదు. మార్చిన తర్వాత మళ్లీ ప్రూఫులు దిద్దుకోక తప్పదు. మొదటి నుంచీ యూనికోడ్‌లో టైపు చేయిస్తే ఈ శ్రమ ఉండదు.

పుస్తకం వేసే ముందు..

* ఐఎస్‌బీఎన్ సంఖ్యను కేంద్ర విద్యాశాఖ పరిధిలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా కేటాయిస్తుంది. సొంతంగా ప్రచురించుకునే రచయితలూ దరఖాస్తు చేసుకోవచ్చు.

* కాపీరైట్ రచనతోనే సంక్రమిస్తుంది. నమోదు తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది.

* 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం, ప్రచురించిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు నిర్దేశిత గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. సొంత ప్రచురణకూ ఇది వర్తిస్తుంది. ఇంట్లో ప్రతులు చెదలు పట్టినా, అక్కడ భద్రంగా ఉంటాయి.

* సొమ్ము తీసుకుని పుస్తకం వేసే సంస్థలతో ఒప్పందం చేసుకునేటప్పుడు హక్కులు ఎవరివి, ఎన్ని ప్రతులు ఇస్తారు, అమ్మకాల లెక్క ఎప్పుడు చెబుతారు అన్న మూడు అంశాలు కాగితంపై ఉండాలి.

* ప్రూఫులు రచయిత ఒక్కరే చూసుకోకూడదు. తన తప్పు తన కంటికి కనబడదు. భాష తెలిసిన మరొకరి చేత చదివించడం మేలు.

గ్రంథాలయాలు ఆదుకోవాలి

అమీష్ అధ్యాయం పంచారు. జెనోవా కారులో అమ్మారు. ఆళ్వారుస్వామి మూట మోశారు. కానీ ఆ ఓపిక, ఆ వయసు అందరికీ ఉండవు. అలాంటి వారికి ఆసరాగా నిలవాల్సింది గ్రంథాలయాలే. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అంటే ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరూ పుస్తకాలకు తమ వంతు చెల్లిస్తున్నట్లే. ఆ నిధులతో కొనే గ్రంథాల్లో జిల్లా రచయితల పుస్తకాలకు కొంత చోటు కల్పిస్తే, ఊరి కథ ఊరి వారికే చేరుతుంది. శాఖా గ్రంథాలయంలో స్థానిక రచయితలకు ఒక అర కేటాయించడానికి పెద్దగా ఖర్చు కూడా కాదు.

పాఠకుల వంతు కూడా ఉంది. ఆవిష్కరణ సభకు వెళ్లినవారు శాలువాకు బదులు ఒక ప్రతి వెల ఇచ్చి కొంటే రచయితకు అదే అసలైన సన్మానం. కొన్నది చదివి, బాగుంటే బాగుందని, లోపముంటే లోపముందని ఒక్క మాట చెప్పగలిగితే మరీ మంచిది. ఆండీ వియర్ నవల మెరుగుపడింది అలా చెప్పిన పాఠకుల వల్లనే. రేపు ఏ మండల కేంద్రంలోని అటక మీద నుంచి ఎంతటి పుస్తకం వెలుగులోకి వస్తుందో ఎవరు చెప్పగలరు!