అక్షరపు తెరకు దుబాసీ

కంప్యూటరు తెర అనగానే బొమ్మలు, రంగులు మనస్సున మెదలును. కాని అక్షరములు మాత్రమే కనబడు తెరలు నేటికిని వాడుకలో ఉన్నవి. అట్టి తెర గళ్ళ కాగితము వంటిది, గడికొక అక్షరము. 1978లో డెక్ సంస్థ వెలువరించిన వీటీ 100 అను టెర్మినల్‌లో 24 వరుసలు, వరుసకు 80 గడులు, వెరసి 1,920 గడులు ఉండెను.

ఐదవ వరుస పదవ గడిలో ఒక అక్షరము వ్రాయవలెననుకొందము. వీటీ 100కు ముందుగా 27 అను సంఖ్య గల సంకేతమును, దాని వెంట ఒక చదరపు బ్రాకెట్టు, 5;10, హెచ్ అను గుర్తులను పంపవలెను. ఇతర సంస్థల టెర్మినళ్ళలో పెక్కింటికి వేరు సంకేతములు. విండోస్ మార్గము మరియొకటి: అక్కడ కర్సరును జరుపుటకు ఒక ఫంక్షనును పిలువవలసియుండెడిది. విండోస్ 10 వచ్చిన తరువాతనే దాని కన్సోలు ఈ సంకేతములను గ్రహింప నేర్చినది.

ఇన్ని భేదములను ప్రతి ప్రోగ్రామునందును వ్రాయుట సాధ్యమా? నడుమ ఒక దుబాసీ కావలెను. బర్కిలీలో బిల్ జాయ్ తన వీఐ ఎడిటరు కొరకు ఒక్కొక్క టెర్మినల్ సంకేతములను పట్టికలో చేర్చెను. 1980 ప్రాంతమున కెన్ ఆర్నాల్డ్ సీ భాషకు కర్సెస్ అను లైబ్రరీని సమకూర్చెను. ఇది తెర చిత్రములను రెండింటిని జ్ఞాపకముంచుకొనును: ఇప్పుడున్నది ఒకటి, ఉండవలసినది ఒకటి. రెంటిని పోల్చి, మారిన గడులను మాత్రమే పంపును. ఆనాటి టెలిఫోను తీగపై సెకనుకు 300 బిట్లు, అనగా దాదాపు 30 అక్షరములు పోయెడివి. తెర యంతయు నింపుటకు 64 సెకనులు! ఒక్క అంకె మారినందుకు అంతసేపు ఎవరు వేచియుందురు?

పైథాన్ భాషలోను కర్సెస్ ఉన్నది. విండోస్ కొరకు వెలువడు పైథాన్‌లో మాత్రము లేదు. అందుచే 2024 నాటి పైథాన్ 3.13లో, ఆజ్ఞలు టైపు చేయు కొత్త తెరకు ఉమ్మడి భాగమొకటి వ్రాసి, దాని క్రింద యూనిక్సుకు, విండోస్‌కు వేర్వేరు దుబాసీలను అమర్చిరి.

తెలుగునకు మరియొక చిక్కు కలదు. 'స్త్రీ' చూపునకు ఒకే అక్షరము. యూనికోడులో ఆరు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. పొడవెంతయని అడిగిన పైథాన్ 6 అనియే చెప్పును. ఎన్ని గడులు ఇచ్చుట అనునది టెర్మినల్‌ను బట్టి మారును. లెక్క తప్పినచో కర్సరొక చోట, అక్షరమొక చోట. 'స్త్రీ', 'కమల' అను పదములను ఖాళీలతో పది సంకేతముల పొడవునకు నింపి, చివర నిలువుగీత పెట్టి, ఒకదాని క్రింద నొకటి ముద్రింపుడు. గీతలు కలియునో లేదో విద్యార్థులే చూడగలరు.