కౌలు పాత్రలు



భూమి గలవాడు వేరు, దున్నువాడు వేరు అను మాట మీకు నేను బోధింపవలసినది కాదు. పొలమును కౌలునకు దీసికొన్న రైతు ఎరువు వేయును, నీరు పెట్టును, రాత్రులు కావలి కాయును. పంట కళ్ళము చేరిన పిమ్మట స్వామిభోగము చెల్లించును. గడువు తీరిననాడు గట్టు దిగి వెడలిపోవును. తాను బాగుచేసిన నేల తనది కాదు. పిల్లలాడుకొను బొమ్మల వర్తకమునందును ఇట్టి కౌలే నడచుచున్నది. దానివలన కంపెనీలు ఎట్లు పెరుగునో, ఎట్లు విరుగునో విన్నవించుటయే నా నేటి ప్రసంగము.

మా మనుమడు సంతలో రెండు బొమ్మలను చూచెను. ఒకటి గట్టిది, చక్కనిది. రెండవది పెళుసుది, కాని తాను తెరమీద చూచిన వీరుని ముఖము గలది. వాడు రెండవదానినే చంకబెట్టుకొనెను. బాలుడు కొనునది బొమ్మను గాదు, తానెరిగిన కథను. ఆ కథలోని పాత్రకు చట్టరీత్యా యజమాని యొకడుండును. వాని యనుమతి లేక ఆ రూపమును పోతపోసి యమ్మరాదు. ఆ యనుమతినే లైసెన్సు అందురు.

ఈ యొప్పందములో సామాన్యముగా రెండు షరతులుండును. అమ్మిన ప్రతి బొమ్మమీద యజమానికి కొంత పాలు ముట్టవలెను. ఇది పంటలో పాలు వంటిది. అమ్మకము లెట్లున్నను ఇంత మొత్తమునకు తక్కువ కాకుండ చెల్లింపవలెను. ఇది మక్తా వంటిది. కరవు వచ్చినను మక్తా తప్పదు గదా! అచ్చులకగు వ్యయము, అమ్ముడుపోని సరకు వలని నష్టము బొమ్మల కంపెనీ నెత్తిమీదనే పడును.

ఇక నొక చరిత్ర వినుడు. అమెరికాలోని న్యూయార్కు నగరమున అబ్రామ్స్ దంపతులు 1954లో మెగో అను కంపెనీని స్థాపించిరి. మొదట అది చవుకబొమ్మలనే అమ్మెడిది. 1971లో వారి కుమారుడు మార్టిన్ అబ్రామ్స్ పెత్తనమునకు వచ్చి, పేరుగల పాత్రలను కౌలునకు దీసికొనుట యారంభించెను. 1972 మొదలు సూపర్‌మాన్, బాట్‌మాన్ మున్నగు వీరుల బొమ్మలు ఎనిమిది అంగుళముల యెత్తున వెలువడెను. ఇందలి యుపాయము గమనింపదగినది. దేహమున కచ్చు ఒక్కటియే. శిరస్సును, ఉడుపులను మార్చినచో వేరొక వీరుడు సిద్ధమగును. అందువలన అచ్చుల వ్యయము తగ్గి, లాభము పెరిగెను. 1974లో స్టార్ ట్రెక్ పాత్రలును చేరి కంపెనీ మిక్కిలి వృద్ధి నొందెను.

1976లో ఇంకను విడుదల కాని యొక చలనచిత్రపు పాత్రలను దీసికొనుడని మెగోను అడిగిరి. మెగో వలదనెను. ఆ చిత్రమే స్టార్ వార్స్. సిన్సినాటి నగరమందలి కెన్నర్ కంపెనీ ఆ కౌలును గ్రహించెను. 1977 మే నెలలో చిత్రము విడుదలయై దేశమెల్ల నుఱ్ఱూతలూగెను. క్రిస్మసు పండుగకు బొమ్మలు సిద్ధము కాలేదు. అప్పుడు కెన్నరువారు బొమ్మలు లేని యట్టపెట్టెనే యమ్మిరి! అందొక పత్రముండెను. దానిని పంపినవారికి మరుసటి యేట నాలుగు బొమ్మలు టపాలో వచ్చును. జనులు దానిని సైతము కొనిరి. కథకు గల బలమట్టిది. 1978లో నాలుగు కోట్లకు మించిన స్టార్ వార్స్ సరకులు అమ్ముడుపోయెను. ఆ బొమ్మల యెత్తు మూడు ముప్పాతిక అంగుళములే. బొమ్మ చిన్నదగుటచే దానికి తగిన వాహనములును అందుబాటు వెలలో చేయ వీలయ్యెను. బొమ్మ కొన్నవాడు వాహనమును కొనక మానడు.

మెగో పశ్చాత్తాపపడి, 1979లో ది బ్లాక్ హోల్, మూన్‌రేకర్, క్రొత్త స్టార్ ట్రెక్ మొదలగు చిత్రముల పాత్రలను వరుసగా గైకొనెను. ఏదియు ఆ మొదటి దాని సాటి రాలేదు. తుదకు 1982లో దివాలా అర్జీ పెట్టి, 1983లో మూతపడెను. ఒక్క పాత్రను విడిచినందుననే చెడెననుట సంపూర్ణ సత్యము గాదు. విడిచిన దానిని భర్తీ చేయగోరి, దొరికినదాని నెల్ల పట్టుకొనుటయు చేటయ్యెను.

గెలిచిన కెన్నరు గతి యేమి? 1983లో మూడవ చిత్రముతో కథ ముగిసెను. తెరమీద క్రొత్త కథ లేనందున 1985 నాటికి ఆ బొమ్మల తయారీ నిలిచిపోయెను. పిమ్మట 1987లో టోంకా, 1991లో హాస్బ్రో ఆ కంపెనీని కొనెను. 2000లో సిన్సినాటి కార్యాలయమును మూసివేసిరి. పాత్ర బ్రతికియే యున్నది. కౌలుదారు మాత్రము లేడు.

డెన్మార్కు దేశపు లెగో కంపెనీ కథ వేరు. 1932లో ఒక వడ్రంగి స్థాపించిన ఈ సంస్థ 1999లో స్టార్ వార్స్ కౌలును గైకొనెను. తరువాత హారీ పోటర్‌ను గ్రహించెను. 2003లో ఈ రెంటియందును క్రొత్త చిత్రము రాలేదు. ఆ యేటను, మరుసటి యేటను ఘోరమైన నష్టము వాటిల్లెను. ఉద్యానవనములవంటి యితర వ్యాపారములును, మితిమీరిన రకముల ముక్కలును ఆ నష్టమునకు తోడయ్యెను. 2004లో వచ్చిన క్రొత్త యధికారి ముక్కల రకములను తగ్గించెను, ఉద్యానవనములను విక్రయింపజేసెను. కౌలు పాత్రలను విడువలేదు. కాని 2011లో నింజాగో అను స్వంత కథనును నిలిపిరి. ఏ పాత్ర వచ్చినను, ఏది పోయినను, ఒకదానిలో నొకటి యిమిడెడి ఆ యిటుక లెగోకు స్వంత పొలము. అదియే దానిని కాచినది.

మన కొండపల్లి శిల్పులు పొనికి కఱ్ఱతో దశావతారములను చెక్కుదురు. ఆ పాత్రలకు స్వామిభోగ మడుగువాడు లేడు. ఎవడైనను ఆ కథను చెక్కవచ్చును. కావున వారి యాస్తి కథ గాదు, చేతిపని.

పెద్దలారా! రేపు మీ యింటి పడుచువాడొకడు పరుల పేరుమీద వ్యాపారము పెట్టెదను, పొలము కుదువ పెట్టుడని మిమ్మడుగవచ్చును. కాదని త్రోసివేయకుడు. కౌలు సేద్యముతో బాగుపడినవారు లేకపోలేదు. కాని మూడు ప్రశ్నలడుగుడు. గడువెంత? కరవునాడు మక్తా యెంత? ఆ పేరు చేయిజారిననాడు నీదని చెప్పుకొనుటకు మిగులునదేమి? మూడవదానికి బదులు చెప్పగలిగినవానికే చేవ్రాలు చేయుడు.