మారకపు వట్టం: విదేశీ కొనుగోళ్ల వాపసు సొమ్ములో తరుగు – ఒక వివరణ

ఉపోద్ఘాతం

విదేశీ విక్రేత వద్ద అంతర్జాలం ద్వారా కొన్న వస్తువును తిప్పి పంపినప్పుడు అతడు తీసుకున్న డాలర్లు పూర్తిగా వాపసు చేసినా, కొన్నవారి ఖాతాలో జమపడే రూపాయలు తగ్గి కనిపిస్తాయి. ముద్రణలో లేని గ్రంథాలను విదేశీ పాతపుస్తకాల విక్రేతల నుంచి తెప్పించుకొనే పరిశోధకులకూ, విదేశీ సదస్సులకు నమోదు రుసుము చెల్లించి తరువాత విరమించుకొనే అధ్యాపకులకూ ఇది తెలిసిన అనుభవమే. ఈ తరుగును విక్రేత చేసిన మోసమనో, బ్యాంకు లెక్కలో దొర్లిన తప్పనో భావించడం సహజం. చాలా సందర్భాలలో అది రెండూ కాదు. ఆ తరుగు ఎక్కడెక్కడ పుడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు ద్రవ్యాల సరిహద్దు

మేడ్చల్, శామీర్‌పేట మార్గాల నడుమ ఉన్న దేవరయాంజాల్ పరిసరాలలో నేడు గోదాములు వరుసగా కనిపిస్తాయి. దేశీయ విక్రేత నుంచి 1,499 రూపాయలకు కొన్న వస్తువును తిప్పి పంపి, పూర్తి వాపసుకు అర్హత ఉంటే, అదే 1,499 రూపాయలు తిరిగి వస్తాయి. కొనుగోలూ వాపసూ ఒకే ద్రవ్యంలో జరగడమే దీనికి కారణం. ద్రవ్యం మారిన చోటనే తరుగు మొదలవుతుంది.

ఈ ప్రాంతానికి రెండు ద్రవ్యాల మధ్య జీవించడం కొత్త సంగతి కాదు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా చెల్లేది; దక్షిణాన ఉన్న సికిందరాబాదు కంటోన్మెంటులో బ్రిటిషు ఇండియా రూపాయి, అంటే కల్దారు, చలామణి అయ్యేది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానమన్నది వీటి మధ్య స్థిరపడిన మారకం. ఆ లెక్కన నూరు కల్దారులకు సుమారు 116 రూపాయల 10 అణాల హాలీ. 1950లో భారత రూపాయి ప్రవేశించిన తరువాత కూడా హాలీ కొంతకాలం నిలిచి, 1959లో పూర్తిగా రద్దయింది.

ఒక నాణేన్ని మరొక నాణెంగా మార్చేటప్పుడు షరాబు పట్టుకొనే తరుగుకు తెలుగులో 'వట్టం' అనే మాట ఉంది. నేటి బ్యాంకు పత్రాలలో దీనినే 'మార్కప్' అంటున్నారు. పాత మాట మనకు ఇంకా పనికివస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే అది పోయేదాన్ని పోయేదిగానే చెబుతుంది. మారకం స్థిరంగా ఉన్నంతకాలం కల్దారును హాలీగా, మళ్లీ కల్దారుగా మార్చిన మనిషికి ప్రధానంగా పోయేది వట్టమే. 1993 మార్చి నుంచి రూపాయి విలువను మార్కెట్టే నిర్ణయిస్తున్నందున, నేడు వట్టానికి తోడు కాలభేదం కూడా చేరింది. మొదటిది ఖాయమైన నష్టం, రెండవది నష్టమో లాభమో ముందుగా చెప్పలేనిది.

లెక్క నడిచే తీరు

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. గ్రంథం వెల 120 డాలర్లు. ఆ రోజు మార్కెట్టులో డాలరు ధర 85 రూపాయలు. కార్డు సంస్థ డాలరును 85.40 చొప్పున లెక్కగట్టిందనుకుంటే అసలు సొమ్ము 10,248 రూపాయలు. బ్యాంకు మార్కప్ 3.5 శాతం అయితే 358.68, దానిపై 18 శాతం జి.ఎస్.టి. 64.56. వెరసి ఖాతాలో పడే ఖర్చు 10,671.24 రూపాయలు.

మూడు వారాల తరువాత గ్రంథం తిరిగి వెళ్లింది. మార్కెట్టులో డాలరు ధర కదలక 85 వద్దనే ఉందనుకుందాం. ఇప్పుడు డాలర్లు మన వైపు వస్తున్నాయి కనుక వాటికి 84.60 చొప్పున విలువ కట్టారు. జమ అయ్యేది 10,152 రూపాయలు. మార్కప్‌నూ దానిపై పన్నునూ బ్యాంకు తిరిగి ఇవ్వకపోతే తరుగు 519.24 రూపాయలు. రూపాయి అణుమాత్రమైనా కదలకుండానే దాదాపు ఐదు శాతం పోయిందన్నమాట. పెట్టిన సొమ్ము పూర్తిగా చేతికి రావాలంటే వాపసు నాటి ధర 88.93కు చేరాలి, అంటే మూడు వారాలలో రూపాయి అంతగా పడిపోవాలి. అలా ఆశించి ఎవరూ పుస్తకాలు కొనరు.

కాలభేదం లాభించే సందర్భాలు లేకపోలేదు. 1966 జూన్ మూల్యహీనీకరణలో డాలరు ధర 4.76 నుంచి 7.50 రూపాయలకు ఒక్కసారిగా పెరిగింది. దానికి ముందు డాలర్లు చెల్లించి, తరువాత అవే డాలర్లు వాపసు పొందినవారెవరైనా ఉంటే వారికి అది అయాచిత లాభమే.

ఇక్కడ న్యాయపరమైన ఒక అంశం గుర్తించాలి. విక్రేతకూ కొన్నవారికీ మధ్య ఒప్పందం డాలర్లలో కుదిరింది. 120 డాలర్లు తిరిగి ఇవ్వడంతో విక్రేత బాధ్యత సాధారణంగా తీరిపోతుంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు, భారతదేశ వినియోగదారులకు క్రమబద్ధంగా విక్రయించే విదేశీ సంస్థలకూ వర్తిస్తాయి. అంగీకరించిన వాపసును సముచిత కాలంలో చెల్లించాలని కూడా అవి చెబుతాయి. మారకపు తరుగు ఎవరు భరించాలన్న ప్రశ్నను మాత్రం స్పృశించవు.

రద్దు వేరు, వాపసు వేరు

కార్డు చెల్లింపు రెండు దశలలో జరుగుతుందన్న విషయం చాలామంది గమనించరు. మొదట బ్యాంకు ఆ మొత్తాన్ని నిలిపి ఉంచుతుంది. తరువాత విక్రేత కోరినప్పుడు అసలు చెల్లింపు జరుగుతుంది. చాలామంది విక్రేతలు వస్తువును పంపే రోజునే సొమ్ము కోరుతారు. ఆలోపు ఆదేశాన్ని రద్దు చేసుకుంటే నిలిపిన మొత్తం విడుదలవుతుంది, మారకమే జరగలేదు కనుక తరుగు ఉండదు. చెల్లింపు పూర్తయ్యాక వచ్చేది వేరొక లావాదేవీ. దాని తేదీ వేరు, ధర వేరు.

చెల్లింపు పుటలో 'రూపాయలలో చెల్లించండి' అన్న ఎంపిక కనిపించినప్పుడు అది మేలని అనిపిస్తుంది. రూపాయలలో లెక్క ముగుస్తుంది కనుక కాలభేదపు భయం తగ్గే మాట నిజమే. అయితే వట్టాన్ని విక్రేత పక్షమే ఆ ధరలో ముందుగా కలిపి ఉంచుతుంది, తరచు బ్యాంకు మార్కప్‌కు మించి. పైగా విదేశీ విక్రేతకు రూపాయలలో చెల్లించినా కొన్ని బ్యాంకులు విడిగా రుసుము పట్టుకుంటాయి.

సుంకం సంగతి మరొకటి. ముద్రిత గ్రంథాల దిగుమతిపై 2019 కేంద్ర బడ్జెట్టులో 5 శాతం సుంకం విధించారు. అది విక్రేతకు చేరిన సొమ్ము కాదు కనుక అతని వాపసులో రాదు. తిరిగి ఎగుమతి చేసిన వస్తువుపై సుంకం రాబట్టుకొనే వీలు 1962 కస్టమ్స్ చట్టం 74వ సెక్షనులో ఉన్నా, ఒక్క పుస్తకానికి ఆ ప్రయాస గిట్టుబాటు కాదు.

పరిశోధన పద్దులలో తరుగు

పథక నిధులతో కొన్నప్పుడు ఈ తరుగు సొంత జేబుతో ఆగదు. పై ఉదాహరణలో ఖర్చు 10,671.24గా, వాపసు 10,152గా నమోదైతే, వస్తువు లేకుండానే 519.24 రూపాయల ఖర్చు వినియోగ ధ్రువపత్రంలో మిగిలిపోతుంది. తనిఖీ అధికారి దాన్ని ప్రశ్నించడం న్యాయమే, పరిశోధకుడి వద్ద విక్రేత పంపిన 120 డాలర్ల వాపసు రసీదు ఒక్కటే ఉంటే సమాధానం దొరకదు. కొనుగోలు, వాపసు రెండింటి తేదీలూ రూపాయి మొత్తాలూ ఉన్న కార్డు ఖాతా పత్రాలను జతచేసి, మార్కప్, పన్ను, ధరల వ్యత్యాసం అనే మూడు అంశాలను విడివిడిగా చూపాలి. ఈ ఉదాహరణలో అవి వరుసగా 358.68, 64.56, 96 రూపాయలు.