కవితతో మొదలై అపరాధ పరిశోధన దాకా... డొరతీ సేయర్స్ సాహితీ ప్రస్థానం

చక్రాయపేట: మండలంలోని గ్రామాల నుంచి ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకో, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయానికో వెళ్లి చదువుకునే ఆడపిల్ల పరీక్షల్లో నెగ్గితే పట్టా చేతికి వస్తుందా, రాదా అన్న సందేహం నేడు ఎవరికీ కలగదు. వందేళ్ల కిందట ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిస్థితి వేరు. స్త్రీలు చదవవచ్చు, పరీక్షలు రాయవచ్చు. పట్టా మాత్రం ఇవ్వరు. 1915లో ఆధునిక భాషల్లో ప్రథమ శ్రేణి సాధించిన డొరతీ ఎల్. సేయర్స్ అలా పట్టా లేకుండానే సోమర్‌విల్ కళాశాల నుంచి బయటకు వచ్చారు. 1920 అక్టోబరులో విశ్వవిద్యాలయం తొలిసారి స్త్రీలకు పట్టాలు ప్రదానం చేసినప్పుడు అందుకున్నవారిలో ఆమె ఒకరు. మన దేశంలో కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు కలకత్తా విశ్వవిద్యాలయ పట్టభద్రులై అప్పటికే మూడున్నర దశాబ్దాలు దాటిందన్నది ఇక్కడ గమనార్హం.

ఈ అన్యాయమే తరువాతి కాలంలో ఆమె రచనలకు మూలధాతువైంది. అయితే ఆమె దానిని నినాదంగా గాక అపరాధ పరిశోధక నవలగా మలిచారు.

తెలుగు పాఠకులకు ఇది కొంత వింతగా తోచవచ్చు. మన దగ్గర స్త్రీవాద కవిత్వం ఒక దారిలో నడిచింది. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ సంకలనం ఆ దారిలో మైలురాయి. డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు వంటివారి నవలలు మరో దారిలో, అద్దె పుస్తకాల దుకాణాల మీదుగా ఇంటింటికీ చేరాయి. ‘త్వమేవాహం’ కవి ఆరుద్ర డిటెక్టివ్ నవలలూ రాశారు గాని, వాటిని ఆయన కవిత్వం సరసన నిలిపి చూసినవారు అరుదు. సేయర్స్ విషయంలో ఆ రెండు దారులూ ఒకే కలంలో కలిశాయి.

1893లో ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించిన ఆమెకు మతాచార్యుడైన తండ్రి ఏడేళ్లు నిండకముందే లాటిన్ నేర్పడం మొదలుపెట్టారు. తొలి పుస్తకం 1916లో వెలువడిన కవితా సంపుటి. 1918లో రెండవది వచ్చింది. కవిత్వం కూడు పెట్టలేదు. ఉపాధ్యాయినిగా, ప్రచురణ సంస్థలో ఉద్యోగినిగా పనిచేసి, 1922లో లండన్‌లోని బెన్సన్స్ వాణిజ్య ప్రకటనల సంస్థలో చేరారు. ఆవపిండికి, మద్యానికి ప్రకటనలు రాస్తూనే 1923లో లార్డ్ పీటర్ విమ్సీ అనే సంపన్న పరిశోధకుడితో తొలి నవల ‘హూజ్ బాడీ?’ వెలువరించారు. తన దగ్గర డబ్బు లేని రోజుల్లో ఆ పాత్రకు ఖరీదైన కారు, తివాచీలు సమకూర్చి ముచ్చట తీర్చుకున్నానని ఆమే తరువాత సరదాగా చెప్పుకున్నారు.

దాచుకున్న బిడ్డ

1924 జనవరిలో అవివాహితగా ఉండగానే ఆమె ఒక మగబిడ్డకు జన్మనిచ్చారు. ఉద్యోగానికి కొన్ని వారాలు సెలవు పెట్టి, బిడ్డను దగ్గరి బంధువైన ఐవీ ష్రింప్టన్‌కు అప్పగించి, తిరిగి పనిలో చేరారు. కన్న తల్లిదండ్రులకు సైతం ఈ సంగతి తెలియనివ్వలేదు. బిడ్డ పోషణకు డబ్బు పంపుతూ వచ్చారు. లోకానికి ఇది తెలిసింది 1957లో ఆమె మరణించిన తరువాతనే. మతాచార్యుని కుమార్తెకు ఆనాటి సమాజం మరో మార్గం మిగల్చలేదు. ఆమె నవలలు చదివేటప్పుడు ఈ మౌనాన్ని పక్కన పెట్టడం కష్టం.

ఎందుకంటే 1930లో వచ్చిన ‘స్ట్రాంగ్ పాయిజన్’లో న్యాయస్థానం బోనులో నిలబడిన హారియట్ వేన్ కూడా డిటెక్టివ్ నవలా రచయిత్రే. వివాహం లేకుండా ఒక పురుషుడితో జీవించింది. అతడు విషప్రయోగంతో చనిపోయాడు. ఆమె నడవడికే ఆమెపై సాక్ష్యమన్నట్లు విచారణ సాగుతుంది. ఆమెను ఉరి నుంచి ఆ దశలో కాపాడేది లార్డ్ పీటర్ మేధస్సు కాదు. జ్యూరీలో కూర్చుని, పదిమందీ ఒత్తిడి చేసినా మాట మార్చని మిస్ క్లింప్సన్ అనే పెద్దవయసు అవివాహిత. పెళ్లి కాని స్త్రీలు ‘మిగిలిపోయినవారు’గా పరిగణింపబడుతున్న ఆ రోజుల్లో, అటువంటి వారినే కూడగట్టి పరిశోధనలో పనికి పెట్టే ఏర్పాటును కూడా రచయిత్రి కల్పించారు. ప్రాణదాత ప్రేమించాడు గదా అని హారియట్ తలవంచి పెళ్లాడదు. కృతజ్ఞత వేరు, దాంపత్యం వేరని ఏళ్ల తరబడి నిరాకరిస్తుంది.

1935 నాటి ‘గాడీ నైట్’ ఆమె రచనలన్నింటిలో శిఖరం. ఇందులో హత్యే లేదు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక కల్పిత మహిళా కళాశాలలో ఆకాశరామన్న ఉత్తరాలు, విధ్వంసం మొదలవుతాయి. చదువుకున్న స్త్రీల మీద అంత ద్వేషం ఎవరికి? నేరస్థులెవరో ఇక్కడ వెల్లడించడం చదవబోయేవారికి ద్రోహమే. చేసే పనిలో నిజాయతీ ముఖ్యమా, మనుషుల పట్ల విధేయత ముఖ్యమా అన్నదే నవలకు కేంద్రమైన ప్రశ్న. కవిత్వం తిరిగి వచ్చేదీ ఇక్కడే. హారియట్ పద్నాలుగు పాదాల సానెట్‌లో ఎనిమిది పాదాలు రాసి ఆగిపోతే, మిగిలిన ఆరింటిని పీటర్ పూరిస్తాడు. సమాన ప్రతిభ గలవారి మధ్యనే పెళ్లి సాధ్యమన్న మాటను ఆ పద్యపూరణం చెప్పకనే చెబుతుంది.

విచిత్రమేమంటే, స్త్రీవాద ఉద్యమంతో తన పేరు ముడిపెట్టుకోవడానికి ఆమె సందేహించారు. 1938లో ఒక మహిళా సంఘంలో చేసిన ప్రసంగంలో, స్త్రీలను ఒక జాతిగా కట్టగట్టి చూడవద్దని, ఎవరికి తగిన పని వారు చేసుకోనివ్వాలని వాదించారు. ఆ ప్రసంగమే తరువాత స్త్రీవాదులు పదే పదే ఉదహరించే రచన కావడం కాలమహిమ.

ఆ తరువాత ఆమె అపరాధ నవలలు దాదాపు మానేశారు. యుద్ధకాలంలో, 1944లో ఇటలీ మహాకవి డాంటే కావ్యం చేతికెత్తుకుని, అందులోని అంత్యప్రాసల అల్లికను నిలుపుతూ ఆంగ్లంలోకి అనువదించ పూనుకున్నారు. నరక ఖండం 1949లో, రెండవ ఖండం 1955లో వెలువడ్డాయి. మూడవది సగంలో ఉండగా కన్నుమూశారు. మిత్రురాలు బార్బరా రేనాల్డ్స్ దానిని పూర్తిచేయగా 1962లో అచ్చయింది.

భారతదేశ చట్టం ప్రకారం రచయిత మరణించిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్లకు గ్రంథస్వామ్యం తీరిపోతుంది. ఆ లెక్కన ఆమె జీవితకాలంలో వెలువడిన నవలలను 2018 జనవరి నుంచి ఎవరి అనుమతీ లేకుండా తెలుగులోకి తెచ్చుకోవచ్చు. ‘గాడీ నైట్’ పెద్ద పుస్తకం, లాటిన్ ముక్కలు అడుగడుగునా అడ్డుపడతాయి. అనువదించదలచినవారు ‘స్ట్రాంగ్ పాయిజన్’తో మొదలుపెట్టడం మేలు.