ఆట మారొద్దు.. కోడ్‌ మారాలి!

రెజ్యూమెలో ప్రాజెక్టు కింద ‘చెస్‌ గేమ్‌’ అని రాశారు. ఇంటర్వ్యూలో కోడ్‌ తెరవమన్నారు. రెండు వేల లైన్లు, అన్నీ ఒకే ఫైల్లో! ‘ఇందులో క్యాజ్లింగ్‌ నియమం ఎక్కడుంది?’ అని అడిగితే మీరు స్క్రోల్‌ చేస్తూనే ఉన్నారు. ప్రోగ్రామ్‌ బాగానే నడుస్తోంది. అయినా ఎదుటివారి ముఖంలో ఉత్సాహం లేదు. ఎందుకు?

ఉద్యోగంలో చేరాక మొదట మీ చేతికొచ్చేది ఎక్కువగా ఎవరో రాసిన కోడే. దాన్ని చెడగొట్టకుండా మార్చగలరా అన్నదే అసలు పరీక్ష. బయటికి కనిపించే పనితీరు అలాగే ఉంచి, లోపలి అమరికను సరిదిద్దడాన్ని రీఫ్యాక్టరింగ్‌ అంటారు. దీన్ని నేర్చుకోవడానికి ఓపెన్‌ సోర్స్‌ చదరంగం ప్రోగ్రామ్‌లు మంచి బడి.

స్టాక్‌ఫిష్‌ చెప్పే పాఠం

ప్రపంచంలోని అత్యంత బలమైన చెస్‌ ఇంజిన్లలో స్టాక్‌ఫిష్‌ ఒకటి. 2008లో గ్లౌరంగ్‌ అనే ఓపెన్‌ సోర్స్‌ ఇంజిన్‌ ఆధారంగా మొదలైంది. సీ ప్లస్‌ ప్లస్‌లో రాసిన దీని కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు. బోర్డు స్థితి ఒక ఫైల్లో, ఎత్తుల తయారీ మరోదాంట్లో, వెతుకులాట ఇంకోదాంట్లో ఉంటాయి. 2020లో న్యూరల్‌ నెట్‌వర్క్‌ వచ్చినప్పుడు దానికి విడిగా ఫోల్డర్‌ పెట్టారు. బంట్ల అమరిక, రాజు భద్రత లాంటివాటికి ఏళ్ల తరబడి చేత్తో రాసుకున్న లెక్కలను 2023లో తీసేశారు. అవసరం తీరిన కోడ్‌ను వదిలేయడమూ సర్దుబాటులో భాగమే.

మరి ఇన్ని మార్పుల్లో తప్పు దొర్లితే? అందుకే ‘బెంచ్‌’ ఉంది. ఈ కమాండ్‌ ఇస్తే ప్రోగ్రామ్‌ కొన్ని నిర్ణీత స్థితులను పరిశీలించి, మొత్తం ఎన్ని నోడ్లు వెతికిందో చెబుతుంది. అమరిక మాత్రమే మారితే ఆ అంకె మారకూడదు. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో ప్రవర్తన మారినట్లే.

మీ ప్రాజెక్టులో ఇలా..

* ముందు కొలబద్ద: కోడ్‌ ముట్టుకోకముందే ‘పెర్ఫ్ట్‌’ పరీక్ష రాయండి. ఇది సాధ్యమైన ఎత్తుల వరుసలను లెక్కపెడుతుంది. ఆట మొదటి స్థితి నుంచి ఒక ఎత్తుకు 20, రెండుకు 400, మూడుకు 8,902, నాలుగుకు 1,97,281 రావాలి.

* అంతటితో ఆగొద్దు: మొదటి స్థితి నుంచి నాలుగు ఎత్తుల్లో క్యాజ్లింగ్‌కు అవకాశమే రాదు. కాబట్టి అందులో బగ్‌ ఉన్నా ఈ పరీక్షకు దొరకదు. ‘కివిపీట్‌’ అనే ప్రసిద్ధ స్థితిని కూడా చేర్చండి. అక్కడ ఒక ఎత్తుకు 48, రెండుకు 2,039 రావాలి.

* ఒక్కో అడుగు: ముందు బోర్డును విడదీయండి, తర్వాత నియమాలు, ఆపైన స్క్రీన్‌. ప్రతి అడుగుకూ పరీక్ష నడిపి, అంకెలు సరిపోతేనే కమిట్‌ చేయండి.

* కలపొద్దు: కోడ్‌ సర్దే కమిట్‌లో కొత్త ఫీచర్‌ దూర్చకండి. రెండూ కలిస్తే తప్పు ఎందులో ఉందో తేలదు.

* దిశ చూసుకోండి: స్క్రీన్‌ కోడ్‌ నియమాలను అడగొచ్చు. నియమాల కోడ్‌కు మాత్రం స్క్రీన్‌ ఉందన్న సంగతే తెలియకూడదు. అప్పుడే అదే కోడ్‌ను రేపు మొబైల్‌ యాప్‌లోనూ వాడుకోవచ్చు.

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

ఇతరుల ప్రాజెక్టులో అడుగుపెట్టేటప్పుడు మొదటి రోజే ఫోల్డర్లన్నీ తిరగరాసి పుల్‌ రిక్వెస్ట్‌ పంపకండి. నిర్వాహకులతో మాట్లాడి, చిన్న మార్పుతో మొదలుపెట్టండి.

ఈసారి ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అంటే ‘చెస్‌ గేమ్‌ చేశానండీ’ దగ్గర ఆగిపోవద్దు. ‘ఒకే ఫైల్‌ను మూడు భాగాలు చేశాను. ముందు, తర్వాత పెర్ఫ్ట్‌ అంకెలు ఇవీ’ అని గిట్‌హబ్‌లో కమిట్‌లు చూపించండి. క్యాజ్లింగ్‌ ఎక్కడుందని అడిగితే ఈసారి స్క్రోల్‌ చేయాల్సిన పని ఉండదు!