గోడ ఇద్దరిదీ... కబురు ముందే!

లండన్‌లో చాలా వీధుల్లో ఇళ్లు ఒకదానికొకటి అతుక్కుని వరసగా ఉంటాయి. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. అలాంటి ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకి పిల్లలు ఎదుగుతుంటేనో, ఊర్నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటేనో ఇంకో గది కావాలనిపిస్తుంది. పైకప్పు కిందున్న ఖాళీని గదిగా మారుద్దామనుకుంటారు. మేస్త్రీతో బేరం కుదురుతుంది. కౌన్సిల్ అనుమతి సంగతీ కనుక్కుంటారు. పక్కింటివాళ్లే గుర్తుకురారు. చిక్కంతా అక్కడే!

పైన గది వేయాలంటే సాధారణంగా ఇనుప దూలాల్ని ఉమ్మడి గోడలోకి దించాలి. రంధ్రం మన వైపే తొలిచినా బరువు మోసేది ఇద్దరి గోడ. అందుకే ఇంగ్లండ్, వేల్స్‌లలో 1997 జులై 1 నుంచి పార్టీ వాల్ చట్టం అమల్లో ఉంది. లండన్‌కి ఈ ఆలోచన కొత్తేం కాదు. 1666లో నగరం తగలబడిపోయాక చేసిన పునర్నిర్మాణ చట్టంలోనే ఉమ్మడి గోడల ప్రస్తావన ఉంది.

ఈ చట్టం ప్రకారం ఉమ్మడి గోడని ముట్టుకునే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. పక్కింటికి 3 మీటర్లలోపు, వాళ్ల పునాదికన్నా లోతుగా తవ్వాలంటే నెల చాలు. అలమర బిగించడానికి మేకు కొట్టినా, గోడకి పైపూత మార్చినా ఇవేవీ అక్కర్లేదు.

మనూళ్లో అయితే 'అన్నయ్యగారూ, రేపట్నుంచి గోడ పని' అని పిట్టగోడ మీంచే చెప్పేస్తాం. అక్కడ నోటిమాట చెల్లదు, కాగితం ఉండాలి. అవతలివాళ్లు ముందే ఒప్పుకుంటే ఈమెయిల్ కూడా పనికొస్తుంది. అలాగని తలుపు సందులోంచి నోటీసు తోసేసి వచ్చేస్తే ఎవరికైనా మండుతుంది. ముందు వెళ్లి చెప్పి, తరవాత కాగితం ఇవ్వడం మర్యాద.

మౌనం అర్ధాంగీకారమంటాం కదా, ఇక్కడ అదీ తిరగబడుతుంది. 14 రోజుల్లో జవాబు రాకపోతే వివాదం ఉన్నట్టే లెక్క. అప్పుడు ఇద్దరికీ కలిపి ఒక సర్వేయరునో, చెరొకరినో పెట్టుకోవాలి. పని మొదలయ్యే ముందే పక్కింటి గోడల బీటల్ని రాసి, ఫొటోలు తీసి పెట్టుకోవడం మామూలే. ఖర్చు సాధారణంగా పని చేయించుకునేవాళ్లదే. భారమే. కానీ ఏ బీట పాతదో ఏది కొత్తదో రేపు తేల్చేది ఆ ఫొటోలే.

'చెబితే అడ్డం పడతారేమో' అన్న భయంతో నోరు మెదపనివాళ్లూ ఉంటారు. నిజానికి చట్టం అనుమతించిన పనిని పక్కింటివాళ్లు నచ్చలేదని ఆపేయలేరు. ఎప్పుడు, ఎలా చేయాలన్నదే తేలుతుంది. చెప్పకుండా మొదలుపెడితేనే కోర్టుకెళ్లి పని ఆపించే వీలుంటుంది. పక్కింటివాళ్లకీ నష్టమే. అసలు నోటీసే ఇవ్వని చోట ఈ చట్టంలోని సర్వేయర్ల దారి వర్తించదని 2023లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. ఇల్లు బీటలు వారినవాళ్లు మామూలు దావా వేసుకోవాల్సిందే.

అన్నట్టు, నోటీసుకి ఆయుష్షు ఏడాదే. ఈలోగా పని మొదలుపెట్టకపోతే మళ్లీ కొత్తది రాయాలి.